నూట ఎనభై గ్రాముల హ్యాండిల్

మూడు హ్యాండిళ్ళూ ఒకదాని తరవాత ఒకటి కాటా ఎక్కి దిగాయి. మొదటిది మేనకోడలి రేసు సైకిలుకి ఇన్నాళ్ళూ ఉన్న అల్యూమినియంది, మూడు వందల పది గ్రాములు. రెండోది అప్పుడే డబ్బాలోంచి తీసిన కొత్త కార్బన్ ఫైబర్‌ది, నల్లగా నిగనిగలాడుతూ రెండు వందల ఐదు చూపించింది. మూడోదీ కార్బనే గానీ ఎవరో వాడి తీసేసింది. పాత టేపు జిగురు ఇంకా మరకలు మరకలుగా అంటుకునే ఉంది. దాన్ని పెట్టగానే అంకెలు కాస్త తడబడి నూట ఎనభై దగ్గర ఆగాయి.

"ఇదే మావయ్యా" అంది మేనకోడలు.

"ఆగవే తల్లీ. చెప్పులు కొన్నా నాలుగడుగులు వేసి చూస్తాం కదా" అన్నాడు మేస్త్రి.

ఆ పిల్లని వర్కుషాపు గోడకి వీపు ఆనించి నిలబెట్టి, ఒక బుజం ఎముక నుంచి రెండో బుజం ఎముక దాకా టేపు పట్టి కొలిచాడు. ముప్పై ఆరు సెంటీమీటర్లు. కిందటి నెల కొలిచినా అంతే, ఏడాది కిందట కొలిచినా అంతే. ఇరవై రెండేళ్ళ మనిషి బుజాలు నెలనెలా పెరగవని అతనికీ తెలుసు. కానీ కొలవకుండా పని మొదలుపెట్టడం అతని ఒంట్లోనే లేదు. కొత్త హ్యాండిల్ వెడల్పు నలభై రెండు. దాన్ని పట్టుకుంటే పిల్ల చేతులు తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి, గంట తొక్కేసరికి మెడ పట్టేస్తుంది. తేలిక సరుకంతా బారు బుజాల మగవాళ్ళని చూసి తయారుచేస్తారు. సన్న బుజాల ఆడపిల్లకి కావాలంటే కంపెనీకి రాసి మూడు వారాలు కాచుకోవాలి. పోటీ ఆదివారం. ఆ రోజు బుధవారం.

మూడోది సరిగ్గా ముప్పై ఆరు.

"చూశావా? నాకోసమే పుట్టింది" అంది పిల్ల, దాన్ని రెండు చేతులతో పట్టుకుని గాల్లోనే మలుపులు తిప్పుతూ.

"నూట ముప్పై గ్రాములు తగ్గితే ఏమవుతుందే? రెండు కోడిగుడ్ల బరువు."

"మూడు సెకన్లవుతుంది మావయ్యా. కోచ్ లెక్కేసి చెప్పాడు. ఇరవై అయిదు నిమిషాల కొండకి మూడు సెకన్లు. పోయినేడు నేను ఎన్నిటితో పోగొట్టుకున్నానో నీకు గుర్తుందా?"

గుర్తులేకేం. మూడే. పెద్ద జట్టులోకి ఇద్దరు అమ్మాయిల్ని తీసుకుంటారు, ఈ పిల్ల మూడోదై నిలబడింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇక ఈ ఆదివారమే. ఆ మూడు సెకన్ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు, అందరి మనసులోనూ మాత్రం అదే తిరుగుతుంటుంది.

ఆ హ్యాండిల్ ఇచ్చింది పళ్ళ డాక్టరమ్మ. చిన్న మనిషి, బాగా తొక్కేది, మణికట్టు నొప్పులొచ్చి రేసు సైకిలు మానేసింది. పొద్దున కొట్టుకి వచ్చి, "మీ అమ్మాయికి పనికొస్తుందేమో చూడండి మేస్త్రీ, ఒక్కసారి కూడా కింద పడింది కాదు" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మంచి మనిషే. కానీ ఈ విషయంలో మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ అంతా ఒకే మాట చెబుతారు. పడ్డానని ఒప్పుకున్న సైకిలు మనిషిని మేస్త్రి ముప్పై ఏళ్ళలో చూడలేదు. అల్యూమినియం అయితే వంగి తనే చెబుతుంది. కార్బన్ చెప్పదు. లోపల పొర విడిపోయినా పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒకనాడు ఉన్నట్టుండి విరుగుతుంది.

దానికి ఈ పనివాళ్ళకి తెలిసిన పరీక్ష ఒకటే. నాణెం తీసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చిన్నగా కొట్టుకుంటూ పోవాలి. బాగున్న చోట గలగలమంటుంది, చెడిన చోట గొంతు పడిపోతుంది. అనుమానం వస్తే అక్కడికక్కడే రంపం పెట్టి రెండు ముక్కలు చెయ్యాలి, ఇంకొకరి సైకిలు మీదికి పోకుండా.

ఆ పరీక్షకి మేస్త్రి పెట్టింది పేరు. చుట్టుపక్కల సైకిలు తొక్కేవాళ్ళంతా అతన్ని 'స్టెత్' అని పిలుస్తారు. డాక్టర్ల మెడలో వేలాడే స్టెతస్కోపుకి ముద్దు పేరు. గుమ్మంలోకి సైకిలు వస్తుంటే వీపు తిప్పి కూచుని, "వెనక చక్రంలో ఒక బేరింగు గుండు పోయిందండీ" అని చెప్పగలడని ప్రతీతి.

"కొట్టి చూడు మావయ్యా, తేల్చెయ్" అంది మేనకోడలు, జేబులోంచి నాణెం తీసి ఇస్తూ.

"ఇక్కడ వద్దు. ఆ కంప్రెసర్ రొదలో ఏం వినపడుతుంది?" అన్నాడు మేస్త్రి.

కంప్రెసర్ పొద్దుట నుంచీ ఆగే ఉంది. పిల్ల దాని వంక ఒకసారి చూసింది గానీ పెద్దవాడి మాటకి ఎదురు చెప్పలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం కొట్టులో అందరూ భోజనాలకి వెళ్ళాక, మేస్త్రి తలుపు దగ్గరికి వేసి హ్యాండిల్‌ని పాత తువ్వాలు మీద పడుకోబెట్టాడు. నాణెం అంచుతో మెల్లిగా కొట్టాడు. ఠప్. రెండు వేళ్ళ దూరం జరిపి మళ్ళీ కొట్టాడు. ఠప్. నడిమి నుంచి కుడి వంపు దాకా, అక్కడి నుంచి చివరి దాకా, మళ్ళీ ఎడమ పక్కంతా. అన్నీ ఠప్పే. గూట్లోంచి ఏమాత్రం అనుమానం లేని కొత్త హ్యాండిల్ తీసి దాన్నీ కొట్టాడు. అదీ ఠప్పే.

ఏడాదిన్నర నుంచి ఇదే వరస. ముందు ఫోను మోగడం మానేసింది. తరవాత కిటికీ దగ్గర పిట్టలు మానేశాయి. ఒకరోజు చక్రం వదిలేసి తిప్పితే లోపల టిక్‌టిక్‌మనే పళ్ళు ఒక్కటీ పలకలేదు. సన్నటి చప్పుళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. మాటలు ఇంకా వస్తున్నాయి గానీ అంచులు అరిగిపోయి వస్తున్నాయి. ఎదుటివాడి పెదాలు చూసి మిగతాది అల్లుకోవాలి. అల్లుకోలేనప్పుడు 'ఊఁ' అని తలూపితే సరిపోతుంది. లోకంలో సగం మాటలకి అదే జవాబని ఈ ఏడాదిన్నరలో అతనికి తెలిసొచ్చింది.

ఇంట్లో దాచడానికి అసలు కష్టపడలేదు. మూడుసార్లు పిలిస్తే గానీ పలకకపోతే, "ఈయన నా మాట ఎప్పుడు విన్నారు గనక" అనుకుని భార్య ఊరుకుంది. పెళ్ళయిన కొత్తలోనూ ఆవిడ ఇదే అనేది. కొట్టులో మాత్రం నానా పాట్లూ పడ్డాడు. "మీరే ఒక చుట్టు తొక్కి చూడండి, ఏ పక్కన మోగుతోందో చెప్పండి" అని వచ్చినవాళ్ళ చేతనే చెప్పించి, తరవాత తనే కనిపెట్టినట్టు రెంచి తీసేవాడు. వాళ్ళు మరింత మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

ఇప్పుడు హ్యాండిల్ నోరు తెరిచి చెప్పదు కదా. స్క్రూడ్రైవరు మొనని హ్యాండిల్‌కి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టి కొట్టాడు. ఇంజన్ల మేస్త్రీలు చేసే పని. ఎముకలో అదురు తెలిసింది, అంతే. కుడి వంపు దగ్గర ఏదో తేడా ఉన్నట్టనిపించింది. మళ్ళీ కొడితే ఎడమ వంపులోనూ ఉన్నట్టే అనిపించింది. మూడోసారి ఎక్కడా లేదు. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసి, నాణేన్ని జేబులో వేసుకున్నాడు.

పనికిరాదని చెప్పేస్తే? ఒక్క మాటతో పోతుంది. పిల్ల పాత హ్యాండిల్‌తోనే ఎక్కుతుంది. ఎక్కి, మళ్ళీ మూడు సెకన్లతో వెనకబడితే? బాగున్న సరుకుకి లేని పగులు అంటగట్టి, దాని ఏడాదినీ వయసునీ తన చెవుల కోసం తగలేసినట్టు కాదా? పోనీ బాగుందని చెప్పేస్తే? కొండ మీద విరిగితే? కొట్టులో ఇంకో మెకానిక్ ఉన్నాడు, చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. కానీ అతని చేతికి నాణెం ఇచ్చిన గంటలో ఊరంతా తెలుస్తుంది. స్టెత్‌కి చెవుడని తెలిశాక ఆ గుమ్మం తొక్కేదెవరు? అతని దగ్గర ఆ పేరు తప్ప మరేముంది?

అప్పుడు తట్టింది అతనికి. పిల్ల చేతనే కొట్టిస్తే? దానివి ఇరవై రెండేళ్ళ చెవులు. నేర్పిస్తున్నట్టు నేర్పిస్తూ, దాని మొహం చూస్తూ కూచుంటే చాలు. తేడా వస్తే అదే చెబుతుంది. తన తెలివికి తనే సంతోషించి, చల్లారిపోయిన టీ కూడా తాగేశాడు.

*

శుక్రవారం సాయంత్రం ఎండ ఇంకా వంటింటి కిటికీలోంచి పడుతుండగానే మేనకోడలు వచ్చింది. మేస్త్రి బల్ల మీద దుప్పటి మడత వేసి, దాని మీద హ్యాండిల్ పెట్టి సిద్ధంగా ఉన్నాడు. భార్య పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇవాళ నువ్వు కొట్టు. నేను కలకాలం ఉంటానా? నేర్చుకో" అన్నాడు.

"నాకేం తెలుస్తుంది మావయ్యా?"

"తెలుస్తుంది. నాణెం అంచుతో కొట్టాలి, బొమ్మ వైపుతో కాదు. గట్టిగా వద్దు. తలుపు తడితే పక్కింటివాళ్ళు లేవకూడదు, అంత మెల్లిగా."

పిల్ల నవ్వి మొదలుపెట్టింది. మేస్త్రి ఎదురుగా కూచుని, కళ్ళు సగం మూసుకుని, చెవి ఒగ్గినవాడిలా తల పక్కకి వంచాడు. కళ్ళు మాత్రం దాని మొహం వదల్లేదు. నడిమి భాగం అయింది. ఎడమ పక్క వంపు, చివర అయ్యాయి. పిల్ల మొహంలో ఏమీ లేదు, తరగతిలో అప్పజెబుతున్నట్టు పెదాలు బిగించి కొడుతోంది. కుడి పక్కకి వచ్చింది. వంపు తిరిగే చోట చెయ్యి ఆగింది. అక్కడే ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి కొట్టి తలెత్తి మేనమామ వైపు చూసింది.

ఏమిటా చూపు? అడుగుతోందా? లేక నాణెం జారి సర్దుకుంటోందా? మేస్త్రి అది నోరు తెరవడం కోసం చూశాడు. పిల్ల నోరు తెరవలేదు. అతన్నే చూస్తోంది. పొయ్యి దగ్గర భార్య కూడా కత్తి ఆపి ఇటు తిరిగినట్టుంది. ఇద్దరూ తనని చూస్తుంటే ఏదో ఒకటి చెయ్యాలి కదా. అలవాటైన పనే చేశాడు.

"ఊఁ" అని తలూపాడు.

పిల్ల మొహం తేటపడింది. చివరి దాకా గబగబా కొట్టేసి నాణెం బల్ల మీద పెట్టింది.

"అయితే బానే ఉంది కదా?" అంది, ఈసారి అతనికి తెలిసేంత స్పష్టంగా.

"నీకేమనిపించింది?"

"నాకనిపించేదేముంది, నువ్వు విన్నావు కదా!"

తేడా ఉంటే చెప్పకుండా ఉంటుందా పిల్ల? కొండ ఎక్కేది తనే కదా, మెడ విరిగేది తనకే కదా. మేస్త్రికి రెండు రోజులుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. "బానే ఉంది" అన్నాడు.

శనివారం పొద్దున దాన్ని బిగించాడు. ఆ పని చూడ్డానికి ఎవరైనా కొట్టు ముందు ఆగవలసిందే. బిగింపు చోట గ్రీజు తగలకుండా స్పిరిటు గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. ఇసుక కలిసిన గరుకు పేస్టు గోరంత తీసుకుని వేలితో పలచగా పూశాడు. నాలుగు బోల్టుల్నీ ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతూ, బలం కొలిచే రెంచి చేతిలో చిన్నగా జారినట్టు తెలియగానే ఆపాడు. వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే కార్బన్ నలుగుతుంది. టేపు చుట్టేటప్పుడు ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పేలా, వంపుల దగ్గర ఒక్క ముడత లేకుండా లాగి చుట్టాడు. చేతులు ఇంకా అతని మాట వింటున్నాయి. పిల్ల ఊరి చివరి దాకా తొక్కి వచ్చి, మొహమంతా నవ్వుతో అతని బుజం మీద ఒక్కటి చరిచి, ఏదో చెప్పింది. సగం వినపడలేదు. సంతోషం అనేది వినపడక్కర్లేదనుకున్నాడు.

*

ఆదివారం కొండ కింద రోడ్డు పక్కన బల్ల వేసుకుని టైము రాసే ఆవిడ కూచుంది. ముందు రెండు గడియారాలు, ఒక కాగితం, ఒక వాకీటాకీ. నిమిషానికొక అమ్మాయి చొప్పున పంపుతున్నారు. కోచ్ ఒక్కొక్క సైకిలునీ కాటాకి వేలాడదీసి బరువు చూస్తున్నాడు. మేనకోడలి సైకిలు దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్ళకి ఆ ఇనప కొమ్ములు తీశారు మేస్త్రీ" అని అభినందించాడు. మేస్త్రి భార్య నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడింది. పిల్ల ఇద్దరి వంకా చూసి చెయ్యి ఊపి, గడియారం సున్నాకి రాగానే దూసుకుపోయింది. మొదటి మలుపు దగ్గర పసుపుపచ్చ చొక్కా ఒకసారి మెరిసి చెట్ల వెనక్కి తప్పుకుంది.

"ఎంత తేలిగ్గా పోతోందో చూశారా" అంది భార్య. కాసేపాగి, ఎండకి చెయ్యి అడ్డుపెట్టుకుని అతని వైపు తిరిగింది. "అవునూ, అడుగుదామని మర్చిపోయాను. ఆ కుడి వంపు దగ్గర చప్పుడు అలా చచ్చిపోయినట్టు వచ్చిందేం? మిగతాదంతా గాజుగ్లాసులా మోగితే అక్కడ మాత్రం పగిలిన కుండలా మోగింది."

మేస్త్రి ఆవిడ పెదాల వంకే చూస్తూ ఉండిపోయాడు. అల్లుకోవలసిన అవసరం లేకుండా ప్రతి మాటా తెలిసింది.

"నీకు వినపడిందా?"

"వినపడదా మరి? మూడుసార్లు కొట్టింది కదా. పిల్ల కూడా మీ వంక చూసింది. మీరు తలూపారు. మీకు తెలియకుండా ఉంటుందా అని నేనూ ఊరుకున్నాను."

మేస్త్రికి పిల్ల చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. మావయ్యా, ఇది వినపడిందా, ఇది పరవాలేదా అని అడిగింది. తను పరవాలేదన్నాడు. అది తన సొంత చెవుల్ని కాదని ఇతని చెవుల్ని నమ్మి కొండెక్కింది. మూడో మలుపు దాకా పరవాలేదు. అక్కడి నుంచి రోడ్డు నిట్టనిలువు. లేచి నిలబడి, హ్యాండిల్ని రెండు చేతులతో పీకినట్టు లాగుతూ తొక్కాలి. పక్కన లోయ.

బల్ల దగ్గరికి పరిగెత్తాడు. "ఆపండి. మా అమ్మాయిని ఆపించండి. హ్యాండిల్ పగిలి ఉంది."

టైము రాసే ఆవిడ తలెత్తింది. "ఏంటండీ?"

"మూడో మలుపు దగ్గర మీ మనిషి ఉంటాడు కదా, ఆపమనండి!"

కోచ్ వచ్చాడు. "ఆపితే ఇంక అంతే మేస్త్రీ. మళ్ళీ పంపరు. తెలుసుగా?"

"తెలుసు."

"పగిలిందని ఎలా తెలిసింది మీకు?"

"కొడితే చచ్చిన చప్పుడు వచ్చింది."

"విన్నారా మీరు?"

మేస్త్రి వాకీటాకీ వైపు చెయ్యి చాచాడు.

"విని కూడా బిగించారా?" కోచ్ గొంతు పెరిగింది. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. వాళ్ళలో ఇద్దరు అతని దగ్గర సైకిళ్ళు బాగుచేయించుకునేవాళ్ళే.

"వినలేదు. నాకు వినపడదు."

ఎవరో నవ్వారు. కోచ్ కూడా సగం నవ్వాడు. "స్టెత్‌కి వినపడకపోవడమేంటి? హాస్యానికిది సమయమా మేస్త్రీ?"

"ఏడాదిన్నరగా వినపడదండీ!" అని అరిచాడు మేస్త్రి. తను ఎంత గట్టిగా అరిచాడో కూడా తనకి తెలియలేదు. "ఇప్పుడు మీరన్నదాంట్లో సగం మీ పెదాలు చూసి అల్లుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని ఆపండి."

నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. అతని భార్య నీళ్ళ సీసాలు గుండెలకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది. టైము రాసే ఆవిడ గడియారం చూసి, కోచ్ మొహం చూసి, వాకీటాకీ అందుకుంది. ఆవిడ అటు తిరిగి మాట్లాడుతుంటే ఏమంటోందో, అవతలి నుంచి ఏం జవాబొచ్చిందో మేస్త్రికి ఒక్క ముక్క తెలియలేదు. చుట్టూ ఉన్న అందరి మొహాలూ ఒకదాని తరవాత ఒకటి చూస్తూ నిలబడ్డాడు, ఎవరో ఒకరి మొహంలో కనపడకపోతుందా అని.

"ఆపారండీ" అంది ఆవిడ చివరికి, అతనికి ఎదురుగా వచ్చి, ఒక్కొక్క అక్షరం విడదీసి.

*

పిల్ల వ్యానులో కిందికి దిగింది. సైకిలు వెనక పడుకోబెట్టి ఉంది. చెమట ఇంకా ఆరలేదు, ఊపిరి ఇంకా కుదుటపడలేదు. హెల్మెట్ కూడా తియ్యకుండా నేరుగా మేనమామ ముందుకొచ్చి నిలబడింది.

"వినపడదా నీకు?"

వ్యానులోనే చెప్పేశారు కాబోలు. మేస్త్రి తల వంచుకున్నాడు.

"నేను విన్నాను మావయ్యా. తేడాగా వచ్చింది. నీ మొహం చూశాను. నువ్వు తలూపావు. నాకే తెలియదనుకున్నాను." ఏడుపు వచ్చేటట్టుంది గానీ రానివ్వలేదు. "సగం దూరానికి అందరికన్నా ఆరు సెకన్లు ముందున్నానట. ఆపినాయన చెప్పాడు."

ఆ మాటకి కోచ్ పక్కకి తిరిగి, కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రి భార్య పిల్ల బుజం మీద చెయ్యి వెయ్యబోతే ఆ పిల్ల తప్పించుకుంది.

"ప్రాణం దక్కింది కదమ్మా" అంది భార్య.

"చూడాలి. రంపం తియ్యి మావయ్యా. ఎంత పగిలిందో నేను చూడాలి."

ఎలాగూ కొయ్యాల్సిందే. మేస్త్రి సామాన్ల పెట్టెలోంచి ఇనప రంపం తీశాడు. నిన్న ఒక్క ముడత లేకుండా చుట్టిన టేపుని చుట్టు చుట్టుగా విప్పాడు. కుడి వంపు మీద గీత గానీ మచ్చ గానీ లేదు. బోల్టులు విప్పి హ్యాండిల్ని స్టాండుకి బిగించి, వంపు తిరిగే చోటే రంపం పెట్టాడు. నల్లటి పొడి రాలి అతని చేతుల మీద, బూట్ల మీద పడింది. పిల్ల వంగి, రంపం వంకే చూస్తోంది. గొట్టం గోడ గట్టిగా తెగింది. తరవాత రంపం పళ్ళకి ఏదో మెత్తగా తగిలింది.

ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. మేస్త్రి దాన్ని ఎండలోకి తిప్పాడు. తెగిన అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూశాడు. పొర విడిపోలేదు. పగులు లేదు. కొత్తదాంట్లా దిట్టంగా, గుండ్రంగా ఉంది. లోపల మాత్రం గొట్టం నిండా వేలెడు పొడుగున నల్లటి స్పాంజి ముక్క ఉంది, జిగురు పెట్టి అతికించి. చేతికి అదురు తగలకుండా డాక్టరమ్మ ఎప్పుడో పెట్టించుకుని ఉంటుంది. పెట్టించుకుని మర్చిపోయి ఉంటుంది.

"ఏంటది?" అంది భార్య.

"స్పాంజి."

"అంటే పగల్లేదా?"

మేస్త్రి ఇంకో రెండు వేళ్ళ అవతల మళ్ళీ రంపం పెట్టి కోశాడు. బాగానే ఉంది. ఇంకోచోట కోశాడు. అక్కడా బాగానే ఉంది. నాలుగో కోతకి రంపం ఎత్తబోతుంటే పిల్ల అతని మణికట్టు పట్టుకుని ఆపింది. స్పాంజి ఉన్న ముక్కని అతని చేతిలోంచి తీసుకుని, వేలితో లోపల నొక్కి చూసింది. కొండ మీద ఎవరో గెలిచినట్టున్నారు, బల్ల దగ్గర జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ చేతులు కలవడమే అతనికి కనపడింది.

పిల్ల అతని గెడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. కోపంగా కాదు. అతనికి తన పెదాలు కనపడాలని.

"లోపల స్పాంజి ఉన్నా, పగులున్నా, రెండూ ఒకేలా మోగుతాయా మావయ్యా?"

"మోగవమ్మా. పగులుంటే పొడిగా, గరగరలాడుతూ వస్తుంది. ఇదైతే గుడ్డ చుట్టి కొట్టినట్టు మెత్తగా వస్తుంది. దేని చప్పుడు దానిదే."

"నాకూ అత్తయ్యకీ ఒకటే అనిపించింది. మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

మేస్త్రి చేతులకంటిన నల్లపొడి తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు. గుడ్డ కనపడలేదు. పిల్ల ఇంకా అతని మొహంలోకి చూస్తూనే ఉంది.

"వింటే తెలుస్తుంది" అన్నాడు.